పెరటి కుంటకు ఊపిరి: ఋతువుల వెంట చేపలకు ప్రాణవాయువు అందించు విధానము

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతములలో మామిడి తోట గల రైతుకు పెరటిలోనో, తోట మూలనో ఒక నీటికుంట ఉండుట క్రొత్తగాదు. లేత అంట్లకు నీరు పోయుటకై కొందరు త్రవ్వించుకొనిరి. ఉపాధి హామీ పనుల క్రింద కొన్ని త్రవ్వబడినవి. ఇంటి గోడలకు మన్ను తీసిన గుంటలు కొన్ని అట్లే నిలిచిపోయినవి. నీరున్నచోట చేపపిల్లలను వదలవలెనని తోచుట సహజము. 1957లో ఒరిస్సా రాష్ట్రమున డాక్టర్ హీరాలాల్ చౌధురి ఇంజక్షన్ సాయమున గండుచేపలచే గ్రుడ్లు పెట్టించు పద్ధతిని సాధించిన నాటినుండి చేపపిల్లల కొరకు నదులవైపు చూడవలసిన అవసరము క్రమముగా తప్పినది. నేడు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు కోరిన రైతుకు దొరకుచున్నవి.

పిల్లలను వదలుట తేలిక. వానిని ఏడాది పొడవున బ్రతికించుట వేరు పని. సాయంత్రము మేత తిని ఎగిరి గంతులు వేసిన చేపలు తెల్లవారునప్పటికి పొట్టలు పైకి పెట్టి తేలియుండుట మీలో కొందరైనను చూచియుందురు. అట్టి ఉదయమున మొట్టమొదట నోటికి వచ్చు మాట “ఎవరో మందు కలిపినారు” అని. పాలివారి మీదను, ప్రక్క తోటవారి మీదను అనుమానము పోవును. మాట మాట పెరిగి తగవు గ్రామాధికారి వద్దకు వచ్చును. విషము కలుపు దుర్మార్గులు లోకములో లేకపోలేదు. కాని మామూలుగా తెల్లవారుజామున చచ్చిన చేపలను చంపినది పగవాడు కాదు. రాత్రికి రాత్రి నీటిలోని ప్రాణవాయువు అయిపోవుటయే. అది ఏ ఋతువులో, ఏ వేళలో, ఎందువలన అయిపోవునో తెలిసికొన్న రైతు తన చేపలను కాపాడుకొనుటయే గాక పొరుగువానితో వైరమును కూడ తప్పించుకొనును.

నీటిలోని ఆదాయము, ఖర్చు

మనము పీల్చు గాలి లీటరులో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కలదు. లీటరు నీటిలో, 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి యందు, గాలినుండి కరగి నిలువగలిగినది 7.6 మిల్లీగ్రాములు మాత్రమే. నీరు వేడెక్కినకొలది ఈ కొద్దిపాటి నిలువ కూడ తగ్గును. 20 డిగ్రీల నీటిలో 9.1 మిల్లీగ్రాములు, 25 డిగ్రీలలో 8.3, 35 డిగ్రీలలో 7 మిల్లీగ్రాములు నిలుచును. చేప సంగతి దీనికి వ్యతిరేకము. నీరు పది డిగ్రీలు వేడెక్కినచో దాని ఊపిరి అవసరము ఇంచుమించు రెట్టింపగును. ఆదాయము తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగిన సంసారము వంటిది వేసవి కుంట.

కుంటకు ప్రాణవాయువు రెండు దారుల వచ్చును. నీటిపై వీచు గాలి వలన కొంత కరగును. ఇది నిదానమైన పని. రెండవదియు, పెద్దదియు నీటిలోని పచ్చదనము. కంటికి ఆనని సన్నని నాచు నీటికి ఆకుపచ్చ రంగునిచ్చును. అది ఎండలో మామిడి ఆకు చేయు పనినే చేయును. బొగ్గుపులుసు గాలిని తీసికొని ప్రాణవాయువును విడుచును. మంచి ఎండ కాసిన దినమున మధ్యాహ్నము మూడు గంటల వేళకు కుంట పైనీరు ప్రాణవాయువుతో నిండియుండును.

ప్రొద్దు క్రుంకగానే ఈ రాబడి నిలిచిపోవును. ఖర్చు మాత్రము ఆగదు. చేప పీల్చును, పురుగు పీల్చును, అడుగు బురదలో కుళ్ళుచున్న ఆకును తిను సూక్ష్మజీవులు పీల్చును. పగలు ప్రాణవాయువు నిచ్చిన నాచే రాత్రి తానును పీల్చును. అందుచేత రాత్రి గడచినకొలది నిలువ తరిగి తరిగి సూర్యోదయమునకు కొంచెము ముందు మిక్కిలి తక్కువకు దిగును. తెల్లవారుజామునే చేపలు చచ్చుటకు కారణమిదియే.

లెక్క వేసి చూడుడు. ఐదు సెంట్ల కుంటలో ఐదు అడుగుల నీరున్నచో అది సుమారు 3 లక్షల లీటర్లు. లీటరుకు 7.6 మిల్లీగ్రాముల చొప్పున ఆ కుంట మొత్తములో ఉన్న ప్రాణవాయువు రెండుంబావు కిలోలు మాత్రమే. వెచ్చని నీటిలో కిలో చేప గంటకు సుమారు 300 మిల్లీగ్రాములు పీల్చును. కుంటలో నూరు కిలోల చేప ఉన్నదనుకొన్నను పండ్రెండు గంటల రాత్రిలో అది వాడునది 360 గ్రాములు. ఉన్నదానిలో ఆరవ వంతు కూడ కాదు. మరి మిగిలినది ఏమగును? చిక్కనైన పచ్చనీరు, అడుగు బురద దానిని తినివేయును. ఈ సంగతి రైతులు బాగుగ గుర్తించవలెను. చేపలు ఎక్కువైనందున మాత్రమే కుంట చెడునని తలంచుట పొరపాటు. నీరు పచ్చనై బలిసినదని మురిసిపోవుటయు పొరపాటే. మిక్కిలి పచ్చని కుంటయే పగలు అందరికంటె ధనవంతుడు, తెల్లవారునప్పటికి అందరికంటె బీదవాడు.

పచ్చదనము మితిమీరినదో లేదో చూచుటకు యంత్రమేమియు అక్కరలేదు. ఎండ బాగుగ ఉన్న వేళ, గట్టున కూర్చుండి, అరచేతిని మడమ తిప్పినట్లు పైకి వంచి చేతిని నిలువుగా నీటిలో ముంచుడు. నీరు మోచేతికి వచ్చువరకు అరచేయి లీలగా కనబడుచుండినచో నీరు సరిగా ఉన్నది. మణికట్టు దాటిన కొలదిలోనే అరచేయి మాయమైనచో పచ్చదనము ఎక్కువైనది; పేడ, ఎరువు, తవుడు అన్నియు ఆపివేయవలెను. మోచేయి దాటి లోతున కూడ స్పష్టముగా కనబడినచో నీటిలో పస లేదని అర్థము.

బొచ్చె, శీలావతులకు లీటరుకు 5 మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువున్నచో హాయిగా పెరుగును. 3కు తగ్గినచో మేత ముట్టవు, రోగములకు లోబడును. 1కి దిగి కొన్ని గంటలు అట్లే ఉన్నచో చచ్చును. చుక్కల మందుతో రంగు చూచి ప్రాణవాయువును కొలుచు చిన్న పెట్టెలు చేపల మందుల దుకాణములలో దొరకును. కొలువదలచినచో తెల్లవారుజామున కొలువుడు. మధ్యాహ్నపు కొలత మోసగించును.

వేసవి: పైన వేడి, అడుగున చెడు

మార్చి మొదలు మృగశిర కార్తె వరకు కుంటకు గడ్డుకాలము. నీరు ఇంకిపోయి, ఆవిరియై, ఐదు అడుగులది రెండున్నర అడుగులగును. అనగా ప్రాణవాయువు నిలువ సగమైనది. ఆషాఢ శ్రావణములలో వదలిన పిల్లలు అప్పటికి కిలో తూగుచుండును. సగము నీటిలో నాలుగింతల చేప! కావున రోహిణి కార్తెకు ముందుగనే పెద్ద చేపలలో సగమును పట్టి అమ్మివేయుట ఏ యంత్రముకంటెను మేలని మా అభిప్రాయము. ఆ దినములలో మామిడి కోతల తొందరలో ఉండి చేపల సంగతి మరచుట మన ప్రాంతమున మామూలు. అందువలన కోతలు ముమ్మరము కాకముందే, ఏప్రిలులోనే ఈ పని ముగించుకొనుడు.

వేసవిలో మరియొక చిక్కు కలదు. ఎండకు పైనీరు వేడెక్కి తేలికయగును; అడుగునీరు చల్లగా, బరువుగా ఉండును. రెండును కలియవు. వేడినీటిలో ఈ పొరలు మిక్కిలి గట్టిగా నిలుచును. 10 డిగ్రీల నీటికిని 11 డిగ్రీల నీటికిని నడుమ బరువులో ఎంత తేడా ఉన్నదో, 30 డిగ్రీలకును 31 డిగ్రీలకును నడుమ అంతకు మూడు రెట్ల తేడా కలదు. అందుచే మన వేసవి కుంటలో రెండు మూడు డిగ్రీల భేదము చాలును, పైనీరు వేరు, అడుగునీరు వేరు అగుటకు. పైపొరలో నాచు చేసిన ప్రాణవాయువు అడుగునకు చేరదు. అడుగున ఆకులు కుళ్ళి దుర్వాసన గల విషవాయువులు ప్రోగుపడును.

ఈ పొరలను విడగొట్టుటకు ఎండ మండుచుండు మధ్యాహ్నము రెండు గంటల ప్రాంతమున ఒకటి రెండు గంటలు నీటిని కదలించవలెను. పైన నిండుగా ఉన్న ప్రాణవాయువును అడుగునకు పంపుటయే దీని ఉద్దేశ్యము. మధ్యాహ్నమేల, చల్లని సాయంత్రము చేయరాదా అని కొందరడుగుదురు. సాయంత్రము కలిపినచో అడుగునున్న చెడు పైకి వచ్చును గాని దానిని సరిచేయుటకు మరల ఎండ ఉండదు. అదే మధ్యాహ్నమైనచో ప్రొద్దు క్రుంకులోపల నాచు లోటును పూడ్చును. చాల దినములుగా కదలని కుంటను ఒక్కమారుగా కలచివేయరాదు. మొదటి దినము పావుగంట, రెండవ దినము అరగంట, ఇట్లు వారము దినములలో పెంచుకొనవలెను. దీనికి తోడు రాత్రి రెండు గంటల నుండి సూర్యోదయము వరకు గాలి కొట్టవలెను. వేసవిలో తప్పక చేయవలసినది ఈ రెండవ పనియే.

ఇక ఈదురుగాలుల సంగతి. మే మాసములో సాయంత్రము నల్లని మబ్బు పట్టి, గాలి దుమారముతో వడగండ్లో, చల్లని వానయో పడును. ఆ రాత్రి మామిడి రైతు లాంతరో టార్చిలైటో పట్టుకొని రాలిన కాయలను ఏరుకొనుచుండును. కుంట వైపు ఎవరును చూడరు. కాని కుంటకు ఏడాదిలో అన్నిటికంటె ప్రమాదమైన రాత్రి అదియే. చల్లని వాననీరు బరువైనది గనుక అడుగునకు దిగి, అక్కడి చెడునీటిని పైకి నెట్టును. గాలి తాకిడికి కుంట అంతయు తిరుగబడును. రెండు మూడు గంటలలో నీటి రంగు మారి, బురద వాసన కొట్టి, చేపలు పైకి వచ్చును. గాలివాన కురిసిన రాత్రి ఇంటిలో ఒకరిని కుంటకడ ఉంచుడు. రాలిన కాయలు ఎక్కడకును పోవు.

రాలి చితికిన కాయలను, పండ్ల తొక్కలను కుంటలో పారవేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. చేపలు తినునని చెప్పుదురు. కొంత తిన్నను, మిగిలినది పులిసి కుళ్ళును. మామిడిపండు తీపి సూక్ష్మజీవులకు విందు. వాని ఊపిరికి నీటిలోని ప్రాణవాయువంతయు చాలదు. ఈ చెత్తను కంపోస్టు గుంటలో వేయుడు.

వానకాలము: ఎండ లేని దినములు

మృగశిర దాటి ఆరుద్ర, పునర్వసు కార్తెలు వచ్చుసరికి నీరు నిండి చల్లబడును. రైతు నిశ్చింతగా ఉండును. ఇచ్చట మోసము ముసురు రూపమున వచ్చును. మూడు నాలుగు దినములు సూర్యుడు కనబడనిచో నాచు పని చేయదు. పగటి రాబడి లేక రాత్రి ఖర్చు మాత్రమే మిగులును. మొదటి రాత్రి గడచిపోవును, రెండవ రాత్రి ఇబ్బంది కలుగును, మూడవ నాటి తెల్లవారుజామున చేపలు చచ్చును. కావున ముసురు పట్టిన మొదటి దినముననే మేతను సగము చేయవలెను. రెండవ దినమున పూర్తిగా ఆపవలెను. చేపకు నాలుగు దినములు మేత లేకున్నను నష్టము లేదు. ఈ దినములలో మధ్యాహ్నము నీటిని కదలించుట అనవసరము. పైన ప్రాణవాయువే లేనప్పుడు అడుగునకు పంపునదేమి? రాత్రి పది గంటల నుండి తెల్లవారు వరకు గాలి కొట్టవలెను.

మన ఎర్రనేలలలో మొదటి వానలకు తోటలోని ఎర్రమన్ను, ఎండుటాకులు, పశువుల పేడ కొట్టుకొని కుంటలోనికి వచ్చును. నీరు ఎర్రనై ఎండ లోపలికి పోదు. కాలువ కుంటలో పడుచోట నాలుగు గజముల పొడవున గడ్డి పెంచి, దానికి ముందు మోకాలి లోతు చిన్న గుంట తీసినచో మన్ను అందులో ఆగును. నెల కొకసారి ఆ మన్నును తీసి చెట్ల పాదులలో వేసికొనవచ్చును.

స్వాతి కార్తె మొదలు కార్తిక మాసాంతము వరకు తుపానుల భయము కలదు. తుపాను వచ్చినప్పుడు విద్యుత్తు పోవును, ఎండయు ఉండదు. విద్యుత్తు మీదనే ఆధారపడి చేపలను క్రిక్కిరిసి పెంచిన కుంటలు అట్టి రాత్రులలో ఖాళీ యగును. తుపాను హెచ్చరిక వినగానే ఆయిల్ ఇంజనును, నూనెను సిద్ధము చేసికొనుడు. ఇంజను లేనివారు ఐదు సెంట్ల కుంటలో అరువది పిల్లలకు మించి వదలకుండుటే మంచిది.

చలికాలము: మంచు కమ్మిన ఉదయములు

మార్గశిర, పుష్య మాసములలో రాత్రులు చల్లబడి పైనీరు తానై అడుగునకు దిగుచు కుంట ప్రతి రాత్రి దానంతటది కలియును. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ నిలుచును; చేప తక్కువ తినును, తక్కువ పీల్చును. ఈ ఋతువులో గాలి యంత్రమునకు చాలవరకు సెలవు ఈయవచ్చును. చలిదేశములలో వ్రాసిన పుస్తకములలో శీతకాలము పొడవున యంత్రమును నడుపవలెనని ఉండును. అది అక్కడ కుంటపై మంచుగడ్డ కట్టి, గాలి తగులకుండ మూసివేయును గనుక. మనకు ఆ బాధ లేదు. పుస్తకములోని సలహాను ఊరి వాతావరణమును బట్టి తీసికొనవలెను.

అయితే మన చలికాలమునకు మరియొక లక్షణమున్నది. పొగమంచు. పూత సమయమున మంచు కమ్మినచో బూడిద తెగులు సోకునని మామిడి రైతు ప్రతి ఉదయము ఆకసము వైపు చూచుచుండును. ఆ మంచే కుంటకును హెచ్చరిక. పది గంటల వరకు ఎండ రానిచో నాచు పని ఆలస్యమగును. రాత్రి తరిగిన ప్రాణవాయువు ఎనిమిది గంటలకు కూడ పెరుగదు. మంచు దట్టముగా ఉన్న దినములలో ఉదయము వేయు మేతను పదకొండు గంటలకు జరుపుడు. గాలి కొట్టుచున్నచో సూర్యోదయముతో ఆపక, మంచు విడువరకు కొనసాగింపుడు. పూతను చూడబోవు రైతు కుంటను కూడ చూచి వచ్చుట ఒకే నడకలో అగు పని.

గాలి అందించు సాధనములు

కైకలూరు, మండవల్లి ప్రాంతపు పెద్ద చెరువులలో నీటిపై తేలుచు రెక్కల చక్రములతో నీటిని చిమ్ము ఏరేటర్లను మీరు చూచియుందురు. ఎకరముల చెరువులకు అవి తగినవి. ఐదు సెంట్ల కుంటలో వానిని పెట్టినచో గట్లు కోసుకొని, అడుగు బురద లేచును. చిన్న కుంటకు అర హార్సుపవరు మోటారుతో నీటిని తోడి, చిల్లుల గొట్టము ద్వారా సన్నని జల్లుగా మరల కుంటలోనే పడునట్లు చేయుట చాలును. ధార ఎంత సన్నగా చీలి, ఎంత ఎత్తునుండి పడిన అంత గాలి పట్టును. మోటారు తొట్టి అడుగునకు తగులరాదు. మామూలుగా నడుమ నీటిలో ఉండవలెను. గొట్టములో గాలి పంపి బుడగలు వదలు పరికరములు ఆరడుగులకు మించిన లోతున బాగుగ పనిచేయును. మూడడుగుల నీటిలో బుడగ గాలిని విడువక మునుపే పైకి వచ్చి పగిలిపోవును.

ఈ యంత్రము చేయగలిగినది ఎంతయో కూడ తెలిసియుండవలెను. గంటకు 6,000 లీటర్లు పోయు మోటారు, లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీటిని జల్లు కొట్టి 6కు పెంచినదనుకొనుడు. గంటకు 24 గ్రాముల ప్రాణవాయువు చేరినట్లు. అది ఎనుబది కిలోల చేపకు ఊపిరి. కాని 3 లక్షల లీటర్ల కుంట అంతయు ఆ మోటారు గుండా ఒకసారి పోవుటకు ఏబది గంటలు పట్టును. కావున చేపలు తేలిన తరువాత మోటారు వేసి కుంట నంతటిని బాగుచేయుదమనుట కల్ల. అర్ధరాత్రి దాటగనే మొదలిడవలెను.

వ్యవసాయ మోటార్లకు త్రీఫేజు విద్యుత్తు ఎక్కువగా పగటివేళ వచ్చును. కుంటకు కావలసినది తెల్లవారుజామున. ఇల్లు దగ్గరగా గల పెరటి కుంటకు ఇంటి విద్యుత్తుతో నడచు చిన్న మోటారును అమర్చుకొనుట ఇందుకే మంచిది. దూరపు తోటలో ఆయిల్ ఇంజను తప్ప గత్యంతరము లేదు.

బోరునీటిని గూర్చి ఒక మాట. చేపలు తేలగనే బోరు వేసి, గొట్టము మూతిని కుంటలో ముంచి నీరు వదలువారు పెక్కుమంది. లోతైన భూగర్భ జలములో ప్రాణవాయువు దాదాపు ఉండదు. బొగ్గుపులుసు గాలి ఎక్కువగా ఉండును. ఆ నీరు చేపకు ఊపిరి ఇచ్చుటకు బదులు ఉన్న ఊపిరిని పలుచన చేయును. బోరునీటిని చిల్లుల రేకు మీదుగానో, మెట్లుగా పేర్చిన బండరాళ్ళ మీదుగానో చిందించి వదలవలెను.

గట్టు మీద దట్టముగా చెట్లు పెంచుట, గుర్రపుడెక్కను, అంతరతామరను నీరంతయు కమ్మనిచ్చుట కుంట గొంతు నొక్కుట వంటివి. గాలి వచ్చు వైపున గట్టును ఖాళీగా ఉంచుడు. రెండు మూడేండ్ల కొకసారి వేసవిలో ఎండగట్టి అడుగు బురదను తీయుడు. తోటకు అది ఎరువు.

చేపలు తేలినప్పుడు

వేకువజామున చేపలు నోళ్ళు తెరచుకొని పైన గుటకలు మ్రింగుచు, మనిషి అలికిడికి కూడ లోనికి పోకున్నచో ఆలస్యము చేయరాదు. మొట్టమొదట మేతను ఆపవలెను. వల వేయరాదు, నీటిలో దిగి బురద త్రొక్కరాదు. కుంటలో ఒక మూలను ఎంచుకొని, మోటారు గొట్టమును పైనీటికి ఎత్తి, అక్కడి నీటినే తోడి అక్కడనే జల్లు కొట్టుచుండవలెను. చేపలు తమంతట తామే ఆ మూలకు చేరును. కుంటనంతను కాపాడలేకపోయినను ఆ మూలను కాపాడవచ్చును. విద్యుత్తు లేనిచో నలుగురు మనుష్యులు గట్టునుండి బిందెలతో, గూడతో పైనీటిని తోడి, జల్లెడ గుండా ఎత్తునుండి పోయుచుండవలెను. ఎండ బాగుగ వచ్చువరకు మానరాదు. అంగళ్ళలో అమ్ము ప్రాణవాయువు బిళ్ళలు కొద్దిసేపు ఆసరా ఇచ్చును గాని వానినే నమ్ముకొనరాదు. పేడ, సున్నము, మందులు ఆ వేళ వేయరాదు.

గ్రామాధికారులకు

చేపలు చచ్చెనని ఫిర్యాదు వచ్చినప్పుడు విచారించవలసిన సంగతులు కొన్ని కలవు. ప్రాణవాయువు తగ్గి చచ్చిన కుంటలో పెద్ద చేపలు ముందు చచ్చును, చిన్నవి మిగులును. కొరమీను, మార్పు వంటి చేపలు పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలవు గనుక బ్రతికియుండును. కప్పలకు ఏమియు కాదు. చచ్చిన చేప నోరు తెరచి, మొప్పలు విచ్చుకొని ఉండుట తరచు. ముందు రెండు మూడు ఉదయములలో చేపలు పైకి తేలినట్లు ఇంటివారు చెప్పుదురు. ముసురో, గాలివానయో జరిగియుండును. పచ్చని నీరు హఠాత్తుగా గోధుమ రంగుకు మారియుండవచ్చును.

విషమైనచో చావునకు వేళ లేదు. మిట్టమధ్యాహ్నము కూడ చచ్చును. చిన్నవి, పెద్దవి అన్నియు చచ్చును; చిన్నవే ముందు పోవచ్చును. రొయ్యలు, నీటి పురుగులు మొదట తేలును. చేపలు గిలగిలలాడుచు, గిరగిర తిరుగుచు, గట్టుకు కొట్టుకొనును. ఇట్లున్నను పగవాని పని అని వెంటనే నిశ్చయించరాదు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు మామిడి పూతపై తేనెమంచు పురుగునకు మందులు చల్లుదురు. సైపర్‌మెత్రిన్ జాతి మందులు లీటరు నీటిలో లేశమాత్రమున్నను చేపలకు ప్రాణాంతకములు. గాలికి కొట్టుకొని వచ్చిన తుంపరయో, కుంటలో కడిగిన స్ప్రేయరో కారణమై ఉండవచ్చును. అది ఫిర్యాదుదారుని సొంత స్ప్రేయరే కావచ్చును. విషమునకు గాలి కొట్టుట మందు కాదు, నీటిని మార్చవలెను. అనుమానము తీరనిచో శుభ్రమైన సీసాలో నిండుగా నీటిని, మంచుగడ్డలో అప్పుడే చచ్చిన చేపను ఉంచి, మత్స్యశాఖ వారి ద్వారా పరీక్షకు పంపవలెను. సాయంత్రమునకు కుళ్ళిన చేప ఏ సాక్ష్యమును చెప్పదు. చచ్చిన చేపలను కుంటలోనే వదలరాదు, అమ్మరాదు, తినరాదు. దూరముగా గుంట తీసి సున్నము వేసి పూడ్చవలెను.

విద్యుత్తు విషయము

తడి నేలపై, నీటి నడుమ, రాత్రివేళ నడచు మోటారు మనుష్యుల ప్రాణములకు కూడ ముప్పు కాగలదు. అతుకులు వేసిన తీగను నీటిలో వేయరాదు. మోటారుకు సరియైన ఎర్తు ఉండవలెను. తీగలో లోపమున్న క్షణమే విద్యుత్తును ఆపు స్విచ్చిని లైసెన్సు గల పనివానిచే బిగించుకొనవలెను. చేపలు తేలినవన్న ఆత్రముతో మోటారు నడచుచుండగా నీటిలో దిగరాదు; ముందు స్విచ్చి కట్టి, ప్లగ్గును ఊడదీసి, ఆ తరువాతనే దిగవలెను. ఇంటిలో చిన్నపిల్లలున్నచో కుంట చుట్టును నడుము ఎత్తు కంచె వేసి, స్విచ్చి పెట్టెను వారి చేతికి అందని ఎత్తున అమర్చుడు.